బుద్ధుణ్ణి పదమూడు వందల ఏళ్లు వెనక్కి జరిపితే ఎవరికి లాభం?

ఏప్రిల్‌లో అంబేడ్కర్ జయంతి సభలు ముగిశాక విద్యార్థులు ఫోన్ తీసి మాకు ఒక వాట్సాప్ మెసేజ్ చూపిస్తుంటారు. బుద్ధుడు పుట్టింది క్రీ.పూ. 1887లో అనీ, తెల్లదొరలు కుట్ర చేసి ఆయన్ని పదమూడు వందల ఏళ్లు ఇటువైపు లాగారనీ అందులో ఉంటుంది. "బుద్ధుడు అంత పాతవాడైతే మనకు మంచిదే కదన్నా" అంటారు.

మంచిది కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఆ లెక్క ఎక్కడిదో ముందు చూడాలి.

అది వాట్సాప్‌లో పుట్టిన లెక్క కాదు. మన విజయవాడ నుంచే కోట వెంకటాచలం 1953లో 'ద ప్లాట్ ఇన్ ఇండియన్ క్రోనాలజీ' అనే ఇంగ్లిషు పుస్తకం తెచ్చారు. ఆయన పద్ధతి సూటిగానే ఉంటుంది. కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైందని ఒక మేకు కొట్టారు. దానికి 36 ఏళ్ల ముందు భారత యుద్ధం. అక్కడి నుంచి పురాణాల్లోని రాజుల జాబితాలు, వాళ్లు ఏలిన ఏళ్లు కూడుకుంటూ వచ్చారు. దాంతో మౌర్య చంద్రగుప్తుడు క్రీ.పూ. 1534కి, అశోకుడు 1472కి వెళ్లిపోయారు. ఆది శంకరుడు క్రీ.పూ. 509కి చేరాడు. మరి అలెగ్జాండర్ కాలంలో ఉన్న చంద్రగుప్తుడు ఎవరు? గుప్త వంశపు చంద్రగుప్తుడట!

గ్రీకు రచయితలు రాసిన 'సాండ్రకోటస్' మౌర్య చంద్రగుప్తుడే అని 1793లో చెప్పింది విలియం జోన్స్. ఆ ముడి విప్పేస్తే ప్రాచీన చరిత్ర అంతా జారిపోతుందని ఈ వర్గం ఆశ. జోన్స్ కంపెనీ కాలపు జడ్జి. ఆయన్ని కాపాడాల్సిన పని మనకు లేదు. కానీ ఆ ముడి ఇప్పుడు ఒక్క జోన్స్ మాట మీద లేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదవగలిగాక అశోకుడే స్వయంగా సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాడు.

పదమూడో శిలాశాసనంలో అశోకుడు తన కాలపు రాజులు ఐదుగురి పేర్లు చెక్కించాడు: అంతియోక, తురమయ, అంతికిని, మగ, అలికసుందర. సిరియా ఏలిన రెండో ఆంటియోకస్, ఈజిప్టు ఏలిన రెండో టాలెమీ, మాసిడోనియాలో ఆంటిగోనస్, సైరీన్‌లో మగస్, ఒక అలెగ్జాండర్. వీళ్లు ఎప్పుడు ఏలారో గ్రీకు, ఈజిప్టు, బాబిలోనియా లెక్కల్లో వేరుగా నమోదై ఉంది. ఐదుగురూ ఒకేసారి గద్దె మీద ఉన్నది క్రీ.పూ. మూడో శతాబ్దం నడుమనే.

వీళ్లు గ్రీకులు కారు, సరిహద్దుల్లో ఉన్న యవన రాజులు అని ఈ వర్గం జవాబిస్తుంది. ఐదు పేర్లూ అదే కలయికలో పన్నెండు వందల ఏళ్ల తేడాతో రెండుసార్లు రావాలన్నమాట. సరే, అదీ ఒప్పుకుందాం. 1958లో అఫ్గానిస్తాన్‌లోని కాందహార్ దగ్గర ఒక బండ బయటపడింది. దాని మీద అశోకుడి మాటలు గ్రీకులోనూ అరామిక్‌లోనూ ఉన్నాయి. గ్రీకు అక్షరమాల పుట్టిందే క్రీ.పూ. 8వ శతాబ్దం దరిదాపుల్లో. క్రీ.పూ. 1472లో పట్టాభిషేకం చేసుకున్న రాజు ఇంకా పుట్టని అక్షరాలతో శాసనం ఎలా రాయించాడు? పుస్తకం వచ్చిన ఐదేళ్లకే దొరికిన బండ ఇది. ఆ లెక్కను ఈనాటికీ పంచుతున్నవాళ్లు మాత్రం దాని జోలికి పోరు.

బుద్ధుడి సంగతీ అంతే. జేతవనం కొనడానికి అనాథపిండికుడు నేలంతా నాణేలు పరిచిన కథ మనందరికీ తెలుసు. భర్హుత్ స్తూపం మీద ఆ దృశ్యం చెక్కి ఉంది. క్రీ.పూ. 1887లో ఈ దేశంలోనే కాదు, ప్రపంచంలో ఎక్కడా నాణెం లేదు. గంగా లోయలో రాజగృహం, శ్రావస్తి లాంటి నగరాలూ లేవు.

అలాగని తేదీలు మార్చడమే తప్పని మేము అనడం లేదు. చరిత్రకారులు బుద్ధుడి తేదీని ఇప్పటికీ సవరిస్తూనే ఉన్నారు. థేరవాద దేశాల లెక్కలో పరినిర్వాణం క్రీ.పూ. 544. అందుకే 1956లో 2500వ బుద్ధ జయంతి జరిగింది, బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నదీ ఆ ఏడాదే. చాలా పుస్తకాల్లో 483 అని ఉంటుంది. జర్మన్ పండితుడు హైన్జ్ బెకర్ట్ వాదించాక ఆ తేదీ క్రీ.పూ. 400కి దగ్గరగా ఉండొచ్చని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. బుద్ధుడు మనకింకా దగ్గరికి వచ్చాడు. అందులో మనకు అవమానం ఏముంది?

అసలు పేచీ వేరే ఉంది. బుద్ధుణ్ణి 1887కి జరిపే చెయ్యే వేదాన్ని ఇంకా వెనక్కి, శంకరుణ్ణి క్రీస్తు కన్నా ముందుకు జరుపుతుంది. ఒక తేదీ తీసుకుంటే పురాణాల కొలబద్ద మొత్తం తీసుకోవాలి. ఆ కొలబద్ద నందుల తర్వాత శూద్రులు రాజులవుతారని, అదే కలి లక్షణమని ఏడ్చే పురాణాలది. ఆ కొలబద్దలో కులానికి పుట్టిన తేదీ ఉండదు. బాబాసాహెబ్ చేసింది దీనికి పూర్తిగా ఎదురు. 1948లో 'ద అన్‌టచబుల్స్'లో ఆయన ఆధారాలు పేర్చి, అంటరానితనం సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందని తేల్చారు. ఆ తేదీతో విభేదించొచ్చు. కానీ గుప్తులనే క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దానికి తోసేస్తే ఆ చర్చకు నేలే మిగలదు.

2022లో ఐఐటీ ఖరగ్‌పూర్ క్యాలెండర్ ఆర్యుల వలస అబద్ధమని చెప్పడానికి సింధు ముద్రల్ని వాడుకుంది. ఇలాంటివాళ్లు అంబేడ్కర్‌నూ సాక్షికి పిలుస్తారు. నిజమే, ఆర్యులు ఒక జాతిగా దండెత్తారనే వాదాన్ని ఆయన 1946లో 'హూ వర్ ద శూద్రాస్?'లో తోసిపుచ్చారు. శూద్రులకు ఉపనయనం నిరాకరించి కిందికి నెట్టింది బ్రాహ్మణులేనని అదే పుస్తకంలో రాశారు. ఆ పేజీలు మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మన ఇంట్లోనూ ఊడ్చుకోవాల్సింది ఉంది. మొహెంజోదారో దిబ్బ మీది స్తూపం చూపించి సింధు నాగరికతే బౌద్ధమని మనవాళ్లు కొందరు రాస్తున్నారు. ఆ స్తూపం కుషాణుల కాలానిదని, కింది నగరం పాడుపడ్డ దాదాపు రెండు వేల ఏళ్లకు దాని శిథిలాల మీద లేచిందని పురావస్తు శాఖ లెక్క. వెంకటాచలాన్ని అడిగిన ప్రశ్నే వీళ్లనూ అడగాలి.

వీలైన విద్యార్థులు ఒకసారి కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్లండి. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలోనే ఉంది. అశోకుడి పద్నాలుగు ప్రధాన శాసనాలూ అక్కడి బండల మీద ఉన్నాయి. బానిసలతో, పనివాళ్లతో సరిగ్గా మెలగడమే ధమ్మమని చెప్పే శాసనమూ వాటిలో ఒకటి. చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. బ్రాహ్మీ అక్షరాల పట్టిక ఒకటి ప్రింట్ తీసుకుని వెళ్తే ఆ వరసలను మీరే పట్టుకోవచ్చు.