బాల్టిమోరు నగరమున ప్రాట్టు గ్రంథాలయము

సత్రమును కట్టించుట యొకటి; ఆ సత్రములో ప్రతిదినము పొయ్యి వెలుగునట్లు చూచుట మరియొకటి. మన పెద్ద లీ సంగతి నెరిగినవారు గనుకనే సత్రముతోపాటు మాన్యమును కూడ వ్రాసి యిచ్చుచుండిరి. మాన్యము లేని సత్రము దాత బ్రదికియున్నన్నాళ్లు నడచును. పిమ్మట గోడలు మాత్రము మిగులును. గ్రంథాలయముల విషయమునను ఇంతే. పుస్తకము నొకమారు కొన్నంతమాత్రమున చాలదు. అది నలుగును, చినుగును, పాతబడును. దానిని ఇచ్చి పుచ్చుకొను ఉద్యోగికి నెలనెల జీతము కావలెను. కొనుటకు మాత్రమే ధనమిచ్చి, నడుపుటకు దారి చూపని దాతయొక్క పేరు వాకిటి రాతిమీద నుండును. లోపలి బీరువాలలో చెదలుండును. ఈ చిక్కును అమెరికా సంయుక్త రాష్ట్రములలోని బాల్టిమోరు నగరమున నొక యినుప వర్తకుడు విడదీసిన రీతి తెలిసికొనదగినది.

ఆయన పేరు ఈనాక్ ప్రాట్టు. మన తెలుగు బైబిలులోని హనోకు పేరే ఇంగ్లీషున ఈనాక్ అయినది. ఈయన 1808వ సంవత్సరమున మసాచుసెట్సు రాష్ట్రములో జన్మించి, 1831లో బాల్టిమోరు చేరి, మేకులు, గుఱ్ఱపు లాడములు మున్నగు ఇనుప సామానుల టోకు వర్తకముచే ధనికుడై, పిమ్మట నొక బ్యాంకునకు అధ్యక్షుడయ్యెను. సంతానము లేదు. 1880వ సంవత్సరపు జనాభా లెక్కలో ఆ నగరమున మూడు లక్షల ముప్పదివేలకు పైబడిన జనులుండిరి. కాని బీదవాడు చందా కట్టకుండ పుస్తకము నింటికి తీసికొనిపోయి చదువుకొనుటకు తగిన నగర గ్రంథాలయ మొక్కటియు లేకుండెను. జార్జి పీబాడి యను మహాదాత 1857లో స్థాపించిన విద్యాసంస్థలో గొప్ప పుస్తక భాండాగార మున్నది, నిజమే. అందు ఎవరైనను పోయి చదువుకొనవచ్చును. అయితే పుస్తకము గడప దాటరాదు. పగలెల్ల కర్మాగారములో పనిచేయువానికి అట్టి భాండాగారము వలన కలుగు మేలెంత? ప్రాట్టు ఆ సంస్థకు కోశాధికారిగా నుండి దాని గొప్పను కొరతను దగ్గరనుండి చూచినవాడు.

1882వ సంవత్సరము జనవరి 21వ తేదీన ఆయన నగరాధ్యక్షునికిని సభ్యులకును ఒక లేఖ వ్రాసెను. అందలి యేర్పాటు మన పాఠశాల గణితముతో తెలిసికొనదగినంత సులభమైనది. ప్రధాన భవనమును ఆయన 2,25,000 డాలరుల వ్యయముతో కట్టించి యిచ్చును. భవనము పూర్తియైనతోడనే నగరమునకు మరి 8,33,333 డాలరులు చెల్లించును. దీనికి మారుగా నగరము గ్రంథాలయ ధర్మకర్తలకు ఏటేట 50,000 డాలరులు శాశ్వతముగా నిచ్చుచుండవలెను. నూటికి ఆరు వంతున వడ్డీ కట్టి చూచినచో ఆ మొత్తముపై వచ్చునది సరిగా ఇంతే. అనగా పైచూపునకు నగరము తన యింటి సొమ్మేమియు ఇచ్చుట లేదు, దాత సొమ్ముపై వడ్డీనే యిచ్చుచున్నది. అయినను ఇందులోనే ఆ వర్తకుని తెలివి యున్నది. ధనమును ధర్మకర్తల చేతికే యిచ్చి, వారు వడ్డీ తీసికొని నడుపుకొనుడని చెప్పినయెడల, గ్రంథాలయము ప్రాట్టుది మాత్రమే యగును. నగరము చేతికిచ్చి, దానిచేత మాట పుచ్చుకొనుటవలన గ్రంథాలయము నగరపు బాధ్యత యయ్యెను. ఋణపత్రము వ్రాసియిచ్చినవాడు ఋణమును మరచుటకు వీలులేదు గదా!

ఇట్టి ఒడంబడికకు రాష్ట్ర శాసనసభ యనుమతి కావలసివచ్చెను, అదియు లభించెను. ఆ సంవత్సరము అక్టోబరులో పౌరులు వోట్లచే దీనిని అంగీకరించిరి. స్థలము, భవనములు, పుస్తకములు నగరము పేర నుండవలెను. పాలనము మాత్రము తొమ్మండుగురు ధర్మకర్తల చేతిలో నుండవలెను. వారిలో ఖాళీ యేర్పడినపుడు మిగిలినవారే మరియొకరి నెన్నుకొనవలెను. ధర్మకర్తను గాని ఉద్యోగిని గాని మతమును బట్టియు రాజకీయ పక్షమును బట్టియు నియమింపరాదు, తొలగింపరాదు. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఉద్యోగములు చేతులు మారుచుండిన ఆ కాలపు అమెరికా నగరములలో ఈ నిబంధన ఎంత యవసరమో వేరుగ చెప్పనక్కరలేదు. లెక్కలను మాత్రము ఏటేట నగరమునకు చూపవలెను.

1886వ సంవత్సరము జనవరి 5వ తేదీన ప్రధాన గ్రంథాలయము తెరవబడెను. కొలది కాలములోనే నగరపు నాలుగు మూలల నాలుగు శాఖలు వెలసెను. ధనికుడని, దరిద్రుడని, తెల్లవాడని, నల్లవాడని భేదము లేక, పుస్తకమును జాగ్రత్తగా చూచి తిరిగి యిచ్చువారి కందరికిని ఇది యుండవలెనని దాత కోరెను. దాస్యము రద్దయి యింకను పాతికేండ్లు నిండని దక్షిణాది సరిహద్దు నగరమున ఈ కోరిక సామాన్యమైనది కాదు. (తిరిగి యిచ్చుటలో ఆలస్యమైన వారిపై వేయు జుల్మానాను కూడ 2018లో తీసివేసిరి.)

ఈ పద్ధతిని చూచి మెచ్చినవారిలో ఆండ్రూ కార్నెగీ యొకడు. ఆయన 1889లో వ్రాసిన వ్యాసములో ప్రాట్టు కార్యమును ఆదర్శముగా కొనియాడెను. కార్నెగీ మార్గము మరికొంత కఠినమైనది: భవనమునకు తానిచ్చును, స్థలమును ఊరివారే యియ్యవలెను, భవనమునకు తానిచ్చినదానిలో పదవవంతు ప్రతి సంవత్సరము నిర్వహణకై ఊరు వెచ్చింపవలెను. 1906లో ఆయన బాల్టిమోరు శాఖలకై 5 లక్షల డాలరులు ఈ షరతుమీదనే యిచ్చెను. ఇందు మూలధనము లేనేలేదు, ఊరి మాటయే మూలధనము. నా యభిప్రాయములో ప్రాట్టు పద్ధతియే మేలైనది. పేద యూరు మాట యిచ్చియు నిలుపుకొనలేకపోవచ్చును. ప్రాట్టు ఆ మాటకు ఆధారముగా ధనమును కూడ నుంచెను.

అయినను శాశ్వతమనుకొన్న 50,000 డాలరులు చాలినది కొంతకాలమే. పుస్తకముల వెలలు పెరిగెను, జీతములు పెరిగెను, శాఖలు పెరిగెను. వడ్డీ మాత్రము నిలిచినచోటనే నిలిచెను. నగరము తన పన్నులనుండి మరింత, మరింత చేర్చవలసివచ్చెను. 1927లో పౌరులు వోట్లచే 30 లక్షల డాలరుల ఋణమునకు సమ్మతించిరి. దానితో క్రొత్త ప్రధాన భవనము 1933లో తెరవబడెను. దానికి ఎత్తైన మెట్లు లేవు. వాకిలి వీథి మట్టముననే యుండును. అంగడులలో వలె పెద్ద అద్దపు కిటికీలలో పుస్తకములను పేర్చి దారిని పోవువారికి చూపుదురు. వర్తకుడు స్థాపించిన గ్రంథాలయమునకు ఈ యలంకారము తగియున్నది! ఈ భవనమునకే 11 కోట్ల 50 లక్షల డాలరులతో జీర్ణోద్ధారము జరిగి 2019లో ముగిసెను. పీబాడి భాండాగారము సంగతియో, అది తన మూలధనముపై తానే నిలువలేక ఈ నగర గ్రంథాలయము క్రిందికి వచ్చి, 1982లో జాన్సు హాప్కిన్సు విశ్వవిద్యాలయమునకు చేరెను.

ఇక ఒడంబడికలోని యసలు బలము బయటపడిన సంగతి చెప్పవలెను. గ్రంథాలయము ఉద్యోగులను తయారుచేయుటకు ఒక శిక్షణ తరగతిని నడుపుచుండెను. 1943లో ఒక నల్లజాతి యువతి అందు చేరగోరగా, జాతి కారణముగా నిరాకరించిరి. పుస్తకములు అందరికిని ఇచ్చువారే బల్లకు ఆవలివైపు కూర్చుండుటకు ఆమెకు అర్హత లేదనిరి! ఆమె న్యాయస్థానమున కెక్కెను. మాది ధర్మకర్తలు నడుపు సొంత సంస్థ, ప్రభుత్వము కాదు, కావున సర్వులను సమముగా చూడవలెనను రాజ్యాంగ నియమము మాకు తగులదని గ్రంథాలయము వాదించెను. క్రింది న్యాయస్థానము 1944లో ఆ వాదము నొప్పుకొనెను. 1945 ఏప్రిలులో పై న్యాయస్థానము దానిని త్రోసివేసెను. శాసనముచే పుట్టినది, ఆస్తి నగరము పేర నున్నది, వ్యయములో అధికభాగము నగరము భరించుచున్నది. ఇట్టిది ప్రభుత్వాంగము కాక మరేమని న్యాయమూర్తులు ప్రశ్నించిరి. అత్యున్నత న్యాయస్థానము ఆ తీర్పులో జోక్యము కలుగజేసికొనలేదు. దాత తాను బ్రదికియుండగా నగరమును కట్టివేసిన ముడియే, ఆయన 1896లో గతించిన యర్ధశతాబ్దమునకు, ఆయన ధర్మకర్తలను కూడ కట్టివేసెను. ఆ గ్రంథాలయమునకే 1993 నుండి 2016 వరకు కార్లా హేడెన్ అను నల్లజాతి విదుషి అధ్యక్షురాలై, అటుపిమ్మట వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమునకు అధిపతిగా నియమింపబడెను.

నగరముపై నాధారపడుటలో చిక్కు లేకపోలేదు. ఖజానా సన్నగిల్లినపుడు గ్రంథాలయమే ముందుగా కంటబడును. 2001లో కొన్ని శాఖలు మూతపడినవి, చుట్టుపట్లవారు గట్టిగా నిరసించిరి. నేటికిని ధర్మసంస్థలును పౌరులును విరాళము లిచ్చుచునే యున్నారు. నిత్యవ్యయమును మోయునవి నగరమును రాష్ట్ర ప్రభుత్వమును.

ఆ శాఖలు పౌరులకెట్టివో 2015 ఏప్రిలులో కనబడెను. పోలీసుల నిర్బంధములో గాయపడి ఒక నల్లజాతి యువకుడు మరణింపగా, 27వ తేదీన నగరమున గొప్ప యల్లరి చెలరేగెను. పెన్సిల్వేనియా వీథి శాఖకు ఎదుటనున్న మందుల దుకాణము తగులబడెను. మరునాడు నగరములోని బడులు తెరవలేదు. ఆ శాఖ తలుపులు మాత్రము తెరచిరి. పిల్లలును పెద్దలును లోనికి వచ్చిరి.