తేలియా రుమాలు

తేలియా రుమాలు తెలుగు నేతపనివారు చేమగ్గంపై నేసే ఒక విశిష్టమైన చదరపు నూలు వస్త్రం. నూలుపోగులను నూనె, బూడిదనీళ్ళలో నానబెట్టి, ముడులు కట్టి రంగులు అద్దిన తరువాత దీనిని నేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు దీని సంప్రదాయ వర్ణాలు. కోస్తా ఆంధ్రలోని చీరాల ఈ వస్త్రానికి పుట్టినిల్లుగా పేరుపొందినది. తరువాతి కాలంలో ఈ విద్య తెలంగాణలోని పోచంపల్లి, పుట్టపాక గ్రామాలకు వ్యాపించి నేటికీ అక్కడ నిలిచి ఉన్నది.

ఈ రుమాలు ప్రధానంగా విదేశాలలోని కొనుగోలుదారుల కొరకు తయారైన వస్త్రం. అరబ్బు దేశాలలో తలపాగాగా, భుజంపై కండువాగా దీనిని ధరించేవారు. నేసినవారు ధరించినవారిని చూడలేదు, ధరించినవారు నేసినవారి ఊరిపేరు ఎరుగరు. అయినప్పటికీ వస్త్రం యొక్క ఆకారం, రంగు, నమూనా అన్నీ దూరదేశపు అవసరాన్ని బట్టియే రూపొందాయి. ఆ ఆర్డర్లు తగ్గిపోయినపుడు ఈ కళ రూపు మార్చుకొనవలసి వచ్చింది.

పేరు

హిందీ, ఉర్దూ భాషలలో "తేల్" అనగా నూనె. నూలును నూనెతో శుద్ధి చేయుట వలన వస్త్రానికి ఒక మెత్తదనం, ఒక ప్రత్యేకమైన వాసన కలుగుతాయి. అందువలననే దీనికి తేలియా రుమాలు అనే పేరు వచ్చింది. విదేశీ వ్యాపారంలో దీనిని "ఆసియా రుమాలు" అని కూడా వ్యవహరించేవారు. పోగులకు ముడులు కట్టి రంగు అద్దే ఈ పద్ధతిని తెలుగునాట "చిటికి" అంటారు. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న "ఇక్కత్" అనే పదం, కట్టుట అనే అర్థం గల మలయ్ భాషా పదం నుండి వచ్చినది.

తయారీ విధానం

నూనె శుద్ధి

ఆముదపు కాయల పొట్టును కాల్చగా వచ్చిన బూడిదను నీటిలో కలిపి, తేర్చిన నీటికి నూనెను చేర్చుతారు. బూడిదలోని క్షారం వలన నూనె నీటిలో కలిసి పాలవంటి ద్రవం ఏర్పడుతుంది. ఈ ద్రవంలో నూలు చిలపలను నానబెట్టి, పిసికి, ఎండబెట్టుతారు. ఈ పని రెండు మూడు వారాలపాటు మరల మరల చేయవలసి ఉంటుంది.

ఈ శ్రమకు శాస్త్రీయమైన కారణం ఉన్నది. పత్తినూలు ఎర్రరంగును సులభంగా పట్టుకొనదు. నూనెలోని ఆమ్లాలు, పటిక కలిసినపుడు ఎరుపు పోగులో గట్టిగా నిలుస్తుంది. కోరమాండల్ తీరంలో పూర్వం ఈ ఎరుపును చిరివేరు అనే మొక్క వేళ్ళ నుండి తీసేవారు. 1868లో జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబ్, లీబర్‌మన్ అలిజరిన్ అనే ఎర్రరంగును కృత్రిమంగా తయారు చేశారు. మరుసటి ఏడాది నుండి దీని పారిశ్రామిక తయారీ మొదలై, క్రమంగా భారతీయ అద్దకందారులకు కూడా ఈ రంగు అందుబాటులోకి వచ్చింది. ఆ విధంగా ఐరోపా నుండి వచ్చిన రంగు చీరాల నూలుకు ఎక్కి, మరొక దేశానికి తలపాగాగా ప్రయాణించినది.

ముడులు, అద్దకం

తేలియా రుమాలులో పడుగు, పేక రెండింటికీ ముందుగానే ముడులు కట్టి రంగు వేస్తారు. అందువలన దీనిని "జోడు ఇక్కత్" అని పిలుస్తారు. తెల్లగా ఉండవలసిన భాగాలను గట్టిగా చుట్టి కట్టి, నూలును రంగులో ముంచుతారు. తరువాత కొన్ని ముడులు విప్పి, కొన్ని కొత్తగా కట్టి రెండవ రంగు వేస్తారు. జోడు ఇక్కత్ నేసే ప్రాంతాలు ప్రపంచంలో బహు తక్కువ. గుజరాత్‌లోని పాటన్ పటోలా, ఇండోనేసియాలోని బాలి ద్వీపంలో తెంగనాన్ గ్రామపు గెరింగ్‌సింగ్, జపాన్‌లోని కసురి వస్త్రాలు ఇందుకు ఉదాహరణలు.

పేక పోగును నమూనాకు తగినట్లు అమర్చుటకు తెలంగాణలో "ఆసు" అనే చట్రాన్ని వాడతారు. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోగును చేతితో తిప్పుతూ పోవలెను. ఒక్క చీరకు వేలసార్లు చేయి ఆడించవలసి వచ్చే ఈ పనిని ఎక్కువగా స్త్రీలే చేసేవారు. భుజాల నొప్పితో తల్లి పడే బాధను చూచిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేశాడు. ఆ యంత్రానికి తల్లి పేరుతో "లక్ష్మీ ఆసు యంత్రం" అని పేరు పెట్టాడు. 2017లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది.

నేత

రంగువేసిన పడుగును గుంటమగ్గంపై ఎక్కించి, పేకను నాడెతో నడిపిస్తారు. పడుగులోని ఎరుపు మీద పేకలోని ఎరుపు, తెలుపు మీద తెలుపు సరిగా పడవలెను. పడుగు బిగింపు కొద్దిగా మారినా, పేక వెంట్రుకవాసి జరిగినా గళ్ళు చెదరిపోతాయి. కావున నేతగాడు ప్రతి పోటుకు ఆగి, పేకను చేతితో సరిచేసుకుంటూ నేస్తాడు. రుమాళ్ళను ఒక్కొక్కటిగా కాక ఒకే పడుగుపై వరుసగా నేసి తరువాత కత్తిరిస్తారు.

నమూనాలు

అరబ్బు దేశాలకు పోయే రుమాళ్ళలో చతురస్రాలు, వజ్రాలు, చుక్కలు, గీతలు వంటి జ్యామితీయ నమూనాలు ఎక్కువగా ఉండేవి. ముస్లిం కొనుగోలుదారులు జీవుల బొమ్మలను కోరకపోవడం ఇందుకు ఒక కారణం. చుట్టూ వెడల్పైన ఎర్రని లేదా నల్లని అంచు, మధ్యలో చిన్న గళ్ళ వరుసలు ఉండుట సామాన్య లక్షణం. 20వ శతాబ్దం మొదటి భాగంలో గడియారాలు, విమానాలు, గ్రామఫోనులు, సింహాలు వంటి కొత్త బొమ్మలు కూడా వచ్చాయి.

స్వదేశంలో ఈ రుమాలును పశుల కాపరులు, జాలరులు తలగుడ్డగా, లుంగీగా వాడుకునేవారు. హైదరాబాదులో నిజాం కుటుంబపు స్త్రీలు దీనిని ఓణీగా ధరించేవారు. ఒకే వస్త్రం జాలరి తలపైన, రాజకుటుంబ స్త్రీ భుజంపైన కూడా కనిపించుట దీని ప్రత్యేకత.

విదేశీ ఆర్డర్లు

తేలియా రుమాళ్ళు 19వ శతాబ్దం నుండి పర్షియన్ గల్ఫ్, ఏడెన్, తూర్పు ఆఫ్రికా, బర్మా ప్రాంతాలకు ఎగుమతి అయ్యాయి. ఇసుకగాలి, ఎండ ఎక్కువగా ఉండే దేశాలలో నూనె పట్టిన ఈ వస్త్రం తలకు చల్లగా ఉంటుందని ఆదరణ పొందినది. ధరించేవారికి, నేతగాడికి నడుమ అనేకమంది మధ్యవర్తులు ఉండేవారు. రేవు పట్టణాలలోని వర్తకులు కోరిన రంగులు, నమూనాలు ఊరిలోని పెట్టుబడిదారునికి చేరేవి. అతడు నూలు, రంగులు ఇచ్చి నేయించుకొని కూలి చెల్లించేవాడు. ఎగుమతి లాభంలో నేతగాడికి భాగం ఉండేది కాదు.

చీరాల ప్రాంతం నుండి వెళ్ళిన మరొక వస్త్రం "రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్". ఇది రంగునూలుతో నేసిన గళ్ళ గుడ్డ, ఇందులో చిటికి పని ఉండదు. గజం చదరపు రుమాళ్ళను ఎనిమిది గజాల తానుగా నేసేవారు. మద్రాసు నుండి లండన్ వర్తకుల ద్వారా ఇది పశ్చిమ ఆఫ్రికాకు చేరేది. నైజీరియాలోని నైజర్ నదీ ముఖద్వార ప్రాంతంలో నివసించే కలబరి ప్రజలు దీనిని "ఇంజిరి" అని పిలుస్తారు. పుట్టుక, మరణ సంబంధమైన క్రతువులలో వారికి ఇది తప్పనిసరి. వారి స్త్రీలు గళ్ళలోని కొన్ని పోగులను కత్తిరించి తీసివేసి "పెలెతె బితె" అనే కొత్త వస్త్రాన్ని తయారు చేస్తారు. ఆ విధంగా చీరాల వంటి నేత కేంద్రాలలో తయారైన గుడ్డ మరొక జాతి ప్రజల సంప్రదాయ వస్త్రమైనది.

కిల్టుతో పోలిక

దూరదేశం నుండి సంప్రదాయ వస్త్రాన్ని తెప్పించుకొనుటకు ప్రపంచ ప్రసిద్ధమైన మరొక ఉదాహరణ స్కాట్లాండ్ వారి కిల్టు. ఇది నడుము నుండి మోకాలి వరకు ధరించే, వెనుకవైపు కుచ్చిళ్ళు గల ఉన్ని వస్త్రం. 1746 నాటి చట్టంతో స్కాట్లాండ్ పర్వత ప్రాంతంలో పురుషులు దీనిని ధరించుట నిషేధింపబడినది. 1782లో ఆ నిషేధం తొలగినది. నేడు కెనడా, ఆస్ట్రేలియా, అమెరికా దేశాలలో స్థిరపడిన స్కాట్లాండ్ సంతతివారు స్వదేశపు కుట్టుపనివారి నుండి టపాలో కిల్టులు తెప్పించుకుంటారు.

కిల్టు శరీరానికి సరిపోయేలా కుట్టే వస్త్రం. కొనుగోలుదారు తన నడుము, పిరుదుల చుట్టుకొలతలను, పొడవును సరిగా కొలిచి పంపవలెను. ప్యాంటు కొలత ఇందుకు పనికిరాదు, ఏలయనగా కిల్టును ప్యాంటు కంటె ఎత్తుగా, బొడ్డు దగ్గర కడతారు. సంప్రదాయ కిల్టుకు సుమారు ఎనిమిది గజాల గుడ్డ పడుతుంది. కుచ్చిళ్ళు పెట్టిన తరువాత కూడా వెనుకవైపు గళ్ళు చెదరకుండా కలిసేలా లెక్కవేసి కుట్టుతారు.

రుమాలుకు శరీర కొలతలు అవసరం లేదు. కుట్టు లేని చదరపు గుడ్డ ఏ తలకైనా సరిపోతుంది. శతాబ్దానికి పైగా దూరదేశాల వ్యాపారంలో ఇది నిలుచుటకు ఈ సౌలభ్యం కూడా తోడ్పడినది. కాని కిల్టు కుట్టేవాడు కుచ్చిళ్ళ దగ్గర వేసే లెక్కను, రుమాలు నేసేవాడు ఇంకా ముందుగా, ముడులు కట్టే దశలోనే వేసుకోవలసి ఉంటుంది.

క్షీణత

చౌకగా దొరికే మిల్లు అచ్చు రుమాళ్ళు, అనుకరణలు గల్ఫ్ బజారులలోకి వచ్చిన తరువాత తేలియా రుమాలుకు గిరాకీ పడిపోయినది. అచ్చు గుడ్డపై అదే నమూనా నిమిషాలలో తయారవుతుంది. నూనె శుద్ధికే వారాలు పట్టే వస్త్రం ఆ ధరతో పోటీ పడలేకపోయినది. నైజీరియా ప్రభుత్వం దిగుమతులపై విధించిన ఆంక్షలు మద్రాసు రుమాళ్ళ వ్యాపారాన్ని కూడా దెబ్బతీశాయి.

ఒకే వస్త్రంపై, ఒకే దూరదేశంపై ఆధారపడిన మగ్గానికి, ఆ దేశంలో మార్పు వచ్చినపుడు ఇక్కడ పని ఆగిపోతుంది. అంతిమ కొనుగోలుదారుతో పరిచయం లేనందున ఆ మార్పు వస్తున్నదని నేతగాడికి ముందుగా తెలిసే అవకాశం కూడా లేదు. 1991లో నూలు ధరలు పెరిగినపుడు చీరాల పరిసరాలలో నేతపనివారి ఆకలిచావులు, ఆత్మహత్యలు దేశవ్యాప్తంగా చర్చకు వచ్చాయి. మగ్గంపై బ్రతికేవారికి చేతిలో నిల్వ సొమ్ము ఎంత తక్కువగా ఉంటుందో ఆ ఘటనలు తెలియజేశాయి.

తెలంగాణలో పునరుజ్జీవనం

20వ శతాబ్దం ఆరంభంలోనే చిటికి విద్య నల్గొండ జిల్లా నేతపనివారికి చేరినది. పోచంపల్లి, పుట్టపాక గ్రామాలు అప్పుడు హైదరాబాదు సంస్థానంలో ఉండేవి. అక్కడ కూడా మొదట రుమాళ్ళే నేశారు. స్వాతంత్ర్యానంతరం విదేశీ గిరాకీ తగ్గగా, నేతపనివారు రుమాలు నమూనాను చీరలకు, ఓణీలకు, దుప్పట్లకు అన్వయించారు. ఒక రుమాలులోని చతురస్రం చీర ఒడలంతా వరుసగా పరుచుకున్నది. దీనితో కొనుగోలుదారు విదేశాల నుండి స్వదేశానికి మారినాడు.

పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ పురస్కారాలు లభించాయి. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పోచంపల్లి, పుట్టపాక యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరాయి. చీరాల 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది.

భౌగోళిక గుర్తింపు

2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించినది. పోచంపల్లి ఇక్కత్‌కు ఇది అంతకు చాలాముందే, 2004-05లో లభించినది. 1999 నాటి చట్టం ప్రకారం ఈ నమోదు పది సంవత్సరాలు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకొనవచ్చును.

స్కాట్లాండ్‌లో 2008 నాటి చట్టం ప్రకారం 2009లో టార్టన్ గళ్ళ నమోదు పుస్తకం ప్రారంభమైనది. ఈ రెండు పద్ధతులకు భేదం ఉన్నది. టార్టన్ పుస్తకం గళ్ళ నమూనాను నమోదు చేస్తుంది, గుడ్డను ఎక్కడ నేసినదీ దానికి అనవసరం. భౌగోళిక గుర్తింపు ఊరికి, తయారీ పద్ధతికి వర్తిస్తుంది. కావున తేలియా నమూనాను మిల్లు గుడ్డపై అచ్చువేసి తేలియా రుమాలు పేరుతో అమ్ముట ఈ గుర్తింపుకు విరుద్ధం.

అసలు వస్త్రాన్ని గుర్తించుట

నేడు విదేశాలలో స్థిరపడిన తెలుగువారు కూడా తేలియా వస్త్రాలను దూరం నుండి తెప్పించుకుంటున్నారు. వస్త్రాన్ని చేతితో తాకి చూచే అవకాశం లేనపుడు ఈ క్రింది లక్షణాలు ఉపయోగపడతాయి.

* చిటికి వస్త్రానికి రెండువైపులా రంగు, నమూనా ఒకే విధంగా ఉంటాయి. అచ్చు గుడ్డ వెనుకవైపు సాధారణంగా వెలిసినట్లు కనిపిస్తుంది. కావున రెండువైపుల ఫోటోలు అడుగవలెను.
* నమూనా అంచులు గీత గీసినట్లు కాక, కొద్దిగా అల్లుకుపోయినట్లు ఉంటాయి. ఇది లోపం కాదు, ముడి కట్టిన గుర్తు.
* చివరలలో విడిగా ఉన్న పడుగు పోగులపై కూడా ముక్కలు ముక్కలుగా రంగు కనిపిస్తుంది.
* కొత్త వస్త్రానికి నూనె వాసన ఉండవచ్చును. ఉతికేకొద్దీ అది తగ్గుతుంది.
* 2006లో కేంద్ర ప్రభుత్వం ప్రవేశపెట్టిన చేనేత గుర్తు వస్త్రం మగ్గంపై నేసినదని తెలుపుతుంది. అది జోడు ఇక్కత్ అవునా కాదా అన్న విషయాన్ని మాత్రం తెలుపదు, దానిని విడిగా అడిగి తెలుసుకొనవలెను.

నేసినవారి పేరు, ఊరు అడిగి తెలుసుకొనుట కూడా మంచిది. పూర్వపు ఎగుమతి వ్యాపారంలో ఈ వివరం కొనుగోలుదారుకు చేరేది కాదు. సహకార సంఘాలు, నేతపనివారి కుటుంబాలు నేరుగా అమ్ముతున్న చోట ఈ వివరం అడిగినవెంటనే లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

* పోచంపల్లి
* చీరాల
* ఇక్కత్
* కలంకారీ
* చేనేత