జడ్జీలకు తప్పనిసరి క్లాసుల నుంచి మినహాయింపు ఎందుకు? కాలిఫోర్నియా కేసు ఏం తేల్చింది?

లాయర్ అయ్యాక కూడా చదువు ఆపకూడదన్నది అమెరికాలో చాలా రాష్ట్రాల రూల్. మన దగ్గర చార్టర్డ్ అకౌంటెంట్లకు సీపీఈ గంటలు ఉన్నట్టే అక్కడ లాయర్లకూ తప్పనిసరి క్లాసులుంటాయి. కాలిఫోర్నియాలో మొదట్లో మూడేళ్లకు 36 గంటలు ఉండేవి, ఇప్పుడు 25.

మరి జడ్జీల సంగతేంటి? దీన్ని రెండు భాగాలుగా చూడాలి.

పదవిలో ఉన్న జడ్జి: రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం, జడ్జిగా ఉన్నంత కాలం ఆయన స్టేట్ బార్ సభ్యుడు కాదు. కాబట్టి లాయర్ల రూల్ ఆయనకు వర్తించదు. అలాగని శిక్షణే లేదనుకోవద్దు. జ్యుడీషియల్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం, కొత్త ట్రయల్ కోర్టు జడ్జి ఆరు నెలల్లో ఓరియంటేషన్, రెండేళ్లలో జ్యుడీషియల్ కాలేజీ పూర్తి చేయాలి.

రిటైర్డ్ జడ్జి: అసలు గొడవ ఇక్కడే వచ్చింది. రిటైరయ్యాక ఆయన మళ్లీ లాయర్‌గా వాదించవచ్చు. అయినా అప్పటి చట్టం రిటైర్డ్ జడ్జీలకు, రాష్ట్రంలో ఎన్నికైన ప్రజాప్రతినిధులకు, ఫుల్‌టైమ్ లా ప్రొఫెసర్లకు క్లాసుల నుంచి మినహాయింపు ఇచ్చింది. "మాకో రూల్, వాళ్లకో రూలా?" అంటూ వార్డెన్ అనే లాయర్ కోర్టుకెక్కారు. 1997లో అప్పీలు కోర్టు ఆయన వైపే నిలిచింది. 1999లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

కారణం ఏంటంటే, ఈ వర్గాల వాళ్లు మొత్తంగా చూస్తే ఫుల్‌టైమ్‌గా క్లయింట్ల కేసులు వాదించడం తక్కువని శాసనసభ అనుకోవడంలో తప్పు లేదు. విభజనకు సహేతుకమైన ఆధారం ఉంటే చాలు, అది అందరికీ అచ్చుగుద్దినట్టు సరిపోనక్కర్లేదని కోర్టు చెప్పింది.

ఇక్కడ ఒక్కటి గుర్తుంచుకోవాలి. మినహాయింపు రాజ్యాంగబద్ధం అన్నారంటే అది మంచి పాలసీ అని కోర్టు సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. అది శాసనసభ చూసుకోవాల్సిన పని. కానీ క్లయింట్ వైపు నుంచి చూస్తే ప్రశ్న అలాగే ఉంటుంది. ఎదుటి లాయర్ మాజీ జడ్జి అయినా, చట్టం మారితే ఆయనా కొత్తగా చదవాల్సిందే కదా? పైగా క్లాసుల నుంచి మినహాయింపు ఉన్నా, కేసును సమర్థంగా నడపాల్సిన బాధ్యత నుంచి మాత్రం ఏ లాయర్‌కూ మినహాయింపు లేదు.

కాలిఫోర్నియాలో ఉంటున్న మనవాళ్లకు ఓ మాట. ఫీజు కట్టే ముందు ఆ లాయర్ లైసెన్స్ యాక్టివ్‌గా ఉందో లేదో స్టేట్ బార్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా చూసుకోవచ్చు. పాత హోదా చూసి ఆగిపోకండి, ఇప్పటి లైసెన్స్ కూడా చూడండి.