హోరా గ్రంథమున అలంకారము

‘హోర’ యను పదము భారతీయ జ్యోతిషమున సుపరిచితము. గ్రీకు మూలమైన యీ పదమే లాటిను భాషలో దినమందలి ప్రార్థనావేళలకు పేరయ్యెను. మధ్యయుగ యూరపులో, మఠవాసుల ప్రార్థనాక్రమమును ఇంటియందే అనుసరింప గోరిన గృహస్థులు వ్రాయించుకొనిన పుస్తకములే హోరా గ్రంథములు. మొదట పండుగల పట్టిక, పిదప సువార్తాభాగములు, ఎనిమిది వేళలుగా విభక్తమైన కన్యమరియ ప్రార్థనలు, పశ్చాత్తాప కీర్తనలు, మృతులకై చేయు ప్రార్థనలు వానియందు సాధారణముగా నుండును.

వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఫ్రాన్సురాజు అయిదవ షార్లునకు సోదరుడైన బెర్రీ ప్రభువు జాన్ వ్రాయించినది. ‘ట్రే రిష్ జర్’, అనగా ‘మిక్కిలి సంపన్నమైన హోరలు’, అని దానికి పేరు. 206 చర్మపత్రముల యీ గ్రంథము నేడు షాంతియీ నగరమందలి కొందే ప్రదర్శనశాలలో నున్నది. దీని చిత్రరచనను రమారమి 1411లో ఆరంభించినవారు నైమెఖెన్ నుండి వచ్చిన లింబూర్గ్ సోదరులు పాల్, హెర్మన్, జాన్ అనువారు.

ఇట్టి గ్రంథములందు అలంకారము కేవలము శోభకొరకే కాదు. అది పాఠమునకు మార్గదర్శి. ముందుగా లేఖకుడు చిత్రములకు చోటు విడిచి పాఠమును వ్రాయును. పిదప తొలి యక్షరములు, అంచుల లతలు, బంగారు పూత, తుదకు చిత్రములు చేరును. ప్రార్థన యారంభమున తొలి యక్షరము పెద్దది. అందలి యుపవిభాగములకు చిన్నది. పుటసంఖ్యలు లేని కాలమున చదువరి కన్ను ఈ భేదమును బట్టియే కావలసిన చోటును గుర్తించెడిది.

భాషావిభజనయు గమనింపదగినది. ప్రార్థనలు లాటినున నుండగా, పండుగల పట్టిక ఫ్రెంచిలో వ్రాయబడినది. దేవునితో పలుకు భాష వేరు, దినములు లెక్కించు భాష వేరు. పట్టికలోని మాసచిత్రములందును ఇట్టి ద్వైవిధ్యమే కలదు. పైన అర్ధవృత్తమున సూర్యరథము, రాశులు. క్రింద భూమిపై మానవుల పనులు. జనవరిలో ప్రభువు విందు. ఫిబ్రవరిలో మంచు కప్పిన పల్లె, నిప్పు కాచుకొను సేద్యగాండ్రు, దొడ్డిలో గొఱ్ఱెలు. అక్టోబరులో లూవ్రు కోట యెదుట విత్తనములు చల్లు రైతు. ప్రభువు సొంత ప్రార్థనాగ్రంథమే రైతు శ్రమకు సాక్ష్యమైనది.

1416లో ప్రభువును, సోదరులు మువ్వురును మరణించిరి. గ్రంథము కుట్టని పత్రములుగానే మిగిలినది. 15వ శతాబ్ది నడుమ వేరొక చిత్రకారుడు కొంత పనిచేయగా, 1485 ప్రాంతమున సవాయ్ ప్రభువుకొరకు జాన్ కొలోంబ్ పూరించెను. అయినను కొన్ని మాసముల అర్ధవృత్తములందు వ్రాయవలసిన లెక్కలు నేటికిని పూర్తిగా లేవు. చిత్రము, లిపి వేర్వేరు చేతులమీదుగా వేర్వేరు దశలలో సాగినవని ఆ వెలితియే తెలుపుచున్నది.

ఈ విషయము భారతీయ పరిశోధకులకు దూరమైనది కాదు. అదే 15వ శతాబ్దిలో పశ్చిమ భారతమున వ్రాసిన జైన కల్పసూత్రప్రతులలోను లేఖకుడు చోటు విడువగా చిత్రకారుడు పూరించెను. బంగారము, లాజవర్దపు నీలము వానిలోను మెఱయుచున్నవి. బదక్షాన్ గనుల నుండి వచ్చిన యా నీలమే యూరపు చిత్రకారులకును ప్రియమైనది. మన తాళపత్రములందు, గంటముతో గీచి మసి పూయు పద్ధతి వలన, వర్ణమునకు అవకాశము తక్కువ. కాని విరామచిహ్నములు, అధ్యాయాంత పుష్పములు, రంధ్రము చుట్టు విడిచిన చోటు అందును పాఠవిభాగమును సూచించును.

ప్రతులను పరిశీలించి పాఠమును నిర్ణయించువారు సాధారణముగా అక్షరములను గ్రహించి తక్కినదానిని విడుచుచున్నారు. దాని వలన కలుగు నష్టము చిన్నది కాదు. విడిచిన ఖాళీ, మారిన సిరారంగు, పూర్తికాని పువ్వు అను వానిని సూచిలో నమోదు చేయనిచో, ప్రతి జీర్ణించిన పిమ్మట అవి తిరిగి లభింపవు. పాఠమునకు ముద్రణ కలదు. వీనికి ప్రతియే ఆధారము.