ఏసీలోంచి నేరుగా ఎండలోకా?

పరీక్షలు అయిపోగానే పిల్లలు ‘ఎక్కడికైనా వెళ్దాం’ అని గోల మొదలుపెడతారు. ఊటీకో, అరకుకో వెళ్దామంటే సెలవులు కుదరవు. అందుకే చాలా హైదరాబాద్‌ కుటుంబాలు ఆదివారం పొద్దున్నే కారెక్కి నాగార్జునసాగర్‌కో, మహబూబ్‌నగర్‌ పిల్లలమర్రికో, కొల్లాపూర్‌ దగ్గరి సోమశిలకో బయల్దేరతాయి. మంచిదే. కాకపోతే ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో మే నెలలో 44 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. వడదెబ్బతో మా ఆసుపత్రికి వచ్చేవాళ్లలో కూలీలే ఎక్కువ. ఆదివారం సాయంత్రాలు మాత్రం షికారుకు వచ్చినవాళ్లూ కనిపిస్తుంటారు.

ఎండకు మన ఒళ్లు అలవాటు పడాలంటే వారం, రెండు వారాలు పడుతుంది. రోజూ కొంతసేపు ఎండలో తిరుగుతుంటే చెమట త్వరగా పడుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. దేవరకొండ వైపు చేలల్లో పనిచేసే మనిషికి ఈ సర్దుబాటు కొంతైనా ఉంటుంది. ఏసీ గదిలోంచి ఏసీ కారులోకి, అక్కడి నుంచి మిట్టమధ్యాహ్నం నాగార్జునకొండ లాంచీ క్యూలోకి వెళ్లేవారికి ఉండదు.

నన్నడిగితే శనివారం సాయంత్రానికే చేరుకుని, రాత్రి అక్కడే పడుకోండి. తెల్లవారి ఆరు నుంచి పది లోపు చూడాల్సినవి చూసేయండి. పదకొండు నుంచి నాలుగు దాకా గది దాటొద్దు. సాగర్‌లోని బుద్ధవనం 274 ఎకరాలు, దాన్ని మధ్యాహ్నం నడిచి చూడాలనుకోవద్దు. పిల్లలమర్రిలో నీడ ఉంటుంది కదా అంటారు. నీడ ఉన్నా వీచేది వడగాలే. (2018లో చెదలు పట్టినప్పుడు ఆ మర్రికి సెలైన్‌ సీసాలతోనే మందు ఎక్కించారు. ఆ అవసరం మనకు రాకుండా చూసుకుందాం.)

‘నల్గొండ నీళ్లు, ఫ్లోరైడ్‌ ఉంటుంది’ అని పిల్లల్ని తాగనివ్వని తల్లులున్నారు. ఫ్లోరోసిస్‌ ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే వచ్చే జబ్బు, రెండు రోజులకు రాదు. శుభ్రమైన నీళ్లయితే చాలు, దాహాన్ని మాత్రం ఆపొద్దు. చల్ల, నిమ్మరసం ఉప్పేసి ఇవ్వండి. ఓఆర్‌ఎస్‌ పొడిని ప్యాకెట్‌ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. తియ్యటి టెట్రా ప్యాక్‌ పానీయాలు దానికి బదులు కావు.

తల తిప్పడం, వాంతి, కాళ్లు పిక్కలు పట్టేయడం మొదటి హెచ్చరికలు. వెంటనే నీడకు చేర్చి తాగించాలి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్‌ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. అప్పటికి ఒంటి వేడి సాధారణంగా 40 డిగ్రీలు దాటి ఉంటుంది. చెమట పడుతోందిగా అని ధీమా వద్దు, చెమటతోనూ వడదెబ్బ వస్తుంది. 108కి ఫోన్‌ చేయండి. అంబులెన్స్‌ వచ్చేదాకా ఊరికే ఎదురుచూడకండి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసురుతూనే ఉండండి. ప్రాణం నిలబెట్టేది ఆ మొదటి అరగంటే. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్‌ ఈ వేడిని తగ్గించదు.

ఆగి ఉన్న కారులో పిల్లల్ని ‘ఐదే నిమిషాలు’ అని కూడా వదలకండి. అద్దం కొంచెం దించినా లోపల వేడి ఆగదు.

నానమ్మ, తాతయ్య వెంట ఉంటే వాళ్ల మాత్రలు ఓసారి చూడండి. బీపీకి, గుండెకు వాడే మందుల్లో మూత్రం ఎక్కువగా పోయించేవి కొన్ని ఉంటాయి. వాటిని సొంతంగా మానేయకుండా, బయల్దేరే ముందే డాక్టర్ని అడగాలి. ఇన్సులిన్‌ను కారు డాష్‌బోర్డులో పెడితే పాడవుతుంది. చల్లటి సంచిలో ఉంచాలి, ఐస్‌కు నేరుగా తగలకూడదు.

ఇంటికొచ్చాక కూడా ఒకట్రెండు రోజులు మూత్రం రంగు గమనించండి. నీళ్లు బాగా తాగుతున్నా ముదురు రంగులోనే వస్తుంటే, లేదా బాగా తగ్గిపోతే కిడ్నీ పరీక్ష చేయించాలి.