వేలి మీది రక్తపు బొట్టు – మిషన్ చూపే అంకె

షుగర్ చూసుకునే స్ట్రిప్ మీద ఎంజైమ్ పూత ఉంటుంది. రక్తంలోని గ్లూకోజ్‌తో అది చర్య జరిపినప్పుడు అతి స్వల్పమైన కరెంటు పుడుతుంది. మిషన్ ఆ కరెంటును కొలిచి అంకెగా చూపుతుంది. ఈ పద్ధతికి మూలమైన ఎంజైమ్ ఎలక్ట్రోడ్ గురించి 1962లో అమెరికాలో క్లార్క్, లయన్స్ తెలియజేశారు.

మామిడిపండు తిన్న చేతితో పరీక్ష చేస్తే వేలికంటిన తీపి కూడా లెక్కలోకి వస్తుంది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే ప్రాణాపాయం. అందుకే మేము ముందు చేతులు సబ్బుతో కడిగించి, పొడిగా తుడిపిస్తాము. మీరూ అలాగే చేయండి. చెమ్మ తగిలితే స్ట్రిప్‌లు పాడవుతాయి. డబ్బా మూత బిగించండి, గడువు తేదీ చూడండి.

అంకె 70 కంటే తగ్గితే, మెలకువగా ఉన్న వ్యక్తికి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.