పట్టాపై దిద్దుబాటు

అనంతపురపు ఇంజనీరింగు కళాశాల పుట్టినది అనంతపురమున కాదు. 1946లో మద్రాసు గిండీ ప్రాంగణమున ప్రారంభమై, 1948లో ఈ కరవు పీఠభూమికి తరలివచ్చినది. ఆ గిండీలోనే, అంతకు కొన్ని యేండ్ల ముందు, ఒక తెలుగు విద్యార్థిని పట్టా పుచ్చుకొనెను. అందు 'అతడు' అని అచ్చుపడిన ఆంగ్ల పదమును కలముతో కొట్టివేసి, 'ఆమె' యని దిద్దవలసివచ్చినది. ఆ కాగితము స్త్రీ చేతికి పోగలదని అచ్చువేయించినవారు తలపలేదు.

ఆమె అయ్యలసోమయాజుల లలిత. 1919లో జన్మించెను. పదునైదవ యేట వివాహము. పదునెనిమిదవ యేట, ఒడిలో నాలుగు నెలల బిడ్డతో వైధవ్యము. నాటి సంఘము అట్టి బాలికకు చూపిన చోటు ఇంటి మూల. లలిత చదువు తిరిగి చేపట్టి, 1940లో గిండీలో విద్యుచ్ఛాఖయందు చేరెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు అచ్చటనే ఆచార్యులు. ప్రిన్సిపాలు చాకోగారిని ఒప్పించినది ఆయనయే. విద్యాశాఖాధిపతి స్టాథాం దొరగారి అనుమతియు లభించెను. తోడుగా మరి యిద్దరు మలయాళ యువతులు సివిల్ శాఖలో చేరిరి. 1943లో లలిత పట్టభద్రురాలయ్యెను. తరువాత భాక్రా-నంగల్ విద్యుత్పనులలో పాల్గొనెను. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సమావేశమునకును వెళ్లెను.

సుబ్బారావుగారి పూనిక మెచ్చదగినదే. కాని తండ్రి ఆచార్యుడు కానిచో? కొఱ్ఱ చేని గట్టున వానకై మొగము చూచు అనంతపురము రైతు కూతురికి లెక్కలెంత వచ్చినను, గిండీలో ఆమె తరఫున మాట్లాడువారెవరు?

వాకిలి దాటినను పీఠము దక్కునన్న పూచీ లేదు. దర్శన్ రంగనాథన్ ఢిల్లీ బిడ్డ. పూర్వము వాల్తేరులో పనిచేసిన టి. ఆర్. శేషాద్రిగారి శిష్యురాలై 1967లో డాక్టరేటు పొంది, లండనులో బార్టన్ వద్ద పరిశోధన సాగించెను. 1970లో వివాహమై కాన్పూరు ఐ.ఐ.టి.కి వచ్చెను. భర్త అచ్చటనే ఆచార్యుడు. భార్యాభర్తలిరువురు ఒకచోట ఆచార్యులు కారాదని ఒక ఆచారము. అది ఏ కాగితముపైనను లేదు. లలిత పట్టామీది తప్పువలె కలముతో కొట్టివేయుటకు వీలులేనిది. ఇరువదేండ్లకు పైగా ఆమె ఫెలోషిప్పులపైననే పరిశోధన నడపెను. ఆచారమునకు ఆడ, మగ యన్న భేదము లేదందురు. మరి కొలువు లేక మిగిలినది భార్యయే గదా!

1993లో తిరువనంతపురమునకు, 1998లో హైదరాబాదు భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు ఆమె వచ్చెను. అప్పటికి ఏబదియేడేండ్లు. అచ్చట మూడేండ్లు పనిచేసి, 2001 జూన్ 4న, తన అరువదవ పుట్టిననాడే, కన్నుమూసెను.